బెదురు కుక్కకు కొత్త ఇల్లు: వెతకడం నుంచి అప్పగించడం దాకా

ఇంట్లోవాళ్ల ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయే కుక్క, కాలింగ్ బెల్ మోగగానే మంచం కిందకు దూరి గంటసేపు బయటకు రాకపోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఇలాంటి కుక్కను ఏ కారణం వల్లనైనా మరొకరికి ఇవ్వవలసి వచ్చినప్పుడు చిక్కు రెండు వైపుల నుంచీ ఉంటుంది. చూడవచ్చినవారికి దాని బెదురు తప్ప ప్రేమ కనిపించదు. ఇచ్చేవారికి ఏళ్లుగా దాని ప్రేమను చూసిన అలవాటు వల్ల బెదురు అంత పెద్దదిగా తోచదు. అందుకే ‘చాలా మంచిదండీ, రెండు రోజుల్లో అలవాటైపోతుంది’ అని వీరు అప్పగిస్తారు. వారం తిరక్కుండానే వారు వెనక్కి పంపుతారు, లేదా అది గేటు సందులోంచి జారి రోడ్డున పడుతుంది. దీనిని తప్పించే దారి ఒక్కటే. కుక్క దేనికి, ఎంత దూరంలో, ఎంతసేపు బెదురుతుందో ముందుగా కనిపెట్టి, దాచకుండా రాసి, ఆ బెదురుకు చోటున్న ఇంటిని వెతకాలి. కుక్కను ఇష్టపడే మనుషులు హైదరాబాద్‌లో కొదవ లేరు. దాని బెదురును ఓపిక పట్టగల ఇళ్లు మాత్రం తక్కువ కాబట్టి, వెతుకులాటకు వారాలు కాక నెలలు పట్టవచ్చని మొదటే సిద్ధపడాలి.

బెదురుకు మూలం ఏమిటో తెలిస్తే తీసుకునేవారికి సరిగా చెప్పగలుగుతాం. కుక్కపిల్లకు సుమారు 3 వారాల నుంచి 14 వారాల వయసు దాకా లోకం పరిచయమయ్యే కాలం; అప్పుడు చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, ఎక్కిన మెట్లు దానికి తర్వాత కూడా మామూలు విషయాలుగా ఉంటాయి. ఆ కాలమంతా పెంపకందారు షెడ్డులోనో, ఒక గదిలోనో గడిచిపోతే పెద్దయ్యాక కొత్తదల్లా ముప్పుగానే అనిపిస్తుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన స్వభావమూ ఇందులో భాగమే. ‘పాపం, ఎవరో బాగా కొట్టి ఉంటారు’ అని చూసినవారందరూ అంటారు కానీ, ప్రతిసారీ అది నిజం కాదు. పైగా ఆ కథ నమ్మినవారు తమ ప్రేమతో దాని గాయం మాన్పుతామని ఉత్సాహంగా తీసుకుంటారు, మూడు నెలలైనా అది పాలవాడిని చూసి పారిపోతుంటే నొచ్చుకుంటారు. చెప్పవలసింది ఇంతే: ఇది దీని స్వభావం, ఓపికతో తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు.

ఇచ్చేయాలని నిశ్చయించుకునే ముందు ఒకసారి పశువైద్యుడికి చూపించడం అవసరం. మొదటి నుంచీ బెదురు ఉన్న కుక్క సంగతి వేరు, నాలుగైదేళ్లు బాగానే ఉండి హఠాత్తుగా చీకటికి, మెట్లకు, స్పర్శకు జంకడం మొదలుపెట్టిన కుక్క సంగతి వేరు. రెండో దానికి కీళ్లనొప్పి, చెవిలో చీము, చూపు మందగించడం, మన ఊళ్లో తరచుగా కనిపించే టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) వంటి కారణం ఉండవచ్చు. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలో గానీ, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, మీకు అలవాటున్న క్లినిక్‌లో గానీ పరీక్ష చేయించవచ్చు. బెదురు తీవ్రంగా ఉంటే ఫ్లూఆక్సెటిన్ వంటి మందును వైద్యుడు రాయవచ్చు. అది పని చేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి, వాడాలనుకుంటే కుక్క మీ ఇంట్లో ఉండగానే మొదలుపెట్టడం మేలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ‘కుక్కను తీసేయండి’ అన్నదనే ఒక్క కారణంతో ఇస్తున్నట్లయితే మాత్రం కాస్త ఆగండి. పెంపుడు కుక్కలను నిషేధించే హక్కు అసోసియేషన్లకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. టీకా కాగితం, జీహెచ్‌ఎంసీ లైసెన్సు చేతిలో పెట్టుకుని మాట్లాడితే చాలా గొడవలు అక్కడే చల్లారతాయి.

రెండు పనులు మాత్రం చేయకూడదు. మొదటిది, ‘వీధికుక్కలు బతకడం లేదా’ అనుకుని ఏ కాలనీ చివరో వదిలిపెట్టడం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో, తగిన కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అటుంచినా, ప్రతి వీధికీ సొంత కుక్కల గుంపు ఉంటుంది. కొత్తగా వచ్చిన బెదురు కుక్కను అవి తరుముతాయి, అది వాహనాల మధ్యకు పరుగెడుతుంది. రెండోది, ఆలోచించకుండా షెల్టర్‌లో చేర్చడం. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు దెబ్బ తగిలిన, జబ్బు చేసిన, దిక్కులేని జంతువుల కోసం పని చేస్తున్నాయి. ఇల్లున్న కుక్కను అక్కడ చేర్చితే అవసరమైన మరో ప్రాణికి చోటు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బెదురు కుక్క షెల్టర్‌లో తన మంచి గుణాన్ని చూపించదు. చుట్టూ పదుల కుక్కలు మొరుగుతుంటే అది మూలకు నక్కి గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. దత్తత కోసం వచ్చినవారు తోక ఊపుతూ ఎదురొచ్చే కుక్క దగ్గరే ఆగిపోతారు. అందువల్ల కొత్త ఇల్లు దొరికేదాకా దానిని మీ ఇంట్లోనో, దానికి ఇప్పటికే చేరికైన బంధువుల ఇంట్లోనో ఉంచి, సంస్థల నుంచి ప్రకటన పంచడం, వచ్చినవారిని పరిశీలించడం వంటి సాయం మాత్రమే అడగడం మంచిది.

బెదురును రాసి పెట్టుకోవడం

ఒక నోటుపుస్తకం తీసుకుని రెండు వారాలు గమనించండి. ‘చప్పుళ్లంటే భయం’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ చప్పుడో రాయాలి: కుక్కర్ విజిల్ వేస్తే తల ఎత్తి చూస్తుందా, వంటింట్లోంచి లేచి వెళ్లిపోతుందా? మిక్సీకి ఏమవుతుంది? లిఫ్ట్ తలుపు మూసుకున్నప్పుడు? గ్యాస్ సిలిండర్ దించినప్పుడు ఇనుము మోగితే? హెల్మెట్ తీయకుండా గుమ్మంలో నిలబడే డెలివరీ కుర్రాడిని చూస్తే పారిపోతుందా, మొరుగుతుందా, మొరుగుతూ వెనక్కి తగ్గుతుందా? వాచ్‌మన్ చేతిలో కర్ర, పనిమనిషి చేతిలో చీపురు, తెరిచిన గొడుగు, పరుగెత్తే పిల్లలు, గడ్డం ఉన్న మగవారు, తోపుడుబండిపై మైకు పెట్టి అరిచే ఉల్లిపాయల అమ్మకం, పక్క వీధిలో బరాత్ బ్యాండు. వీటిలో ఏవి దానిని కదిలిస్తాయో, ఎంత దూరంలో కదిలిస్తాయో రాయండి. తనకన్నా పెద్ద కుక్కలతో, చిన్న కుక్కలతో, పిల్లులతో ఎలా ఉంటుందో విడిగా రాయాలి. మనుషులకు బెదిరే కుక్కలలో కొన్ని తోటి కుక్కలతో ఎంతో హాయిగా ఉంటాయి, అది కొత్త ఇంటిని ఎంచుకోవడంలో పెద్ద ఆధారమవుతుంది.

ఈ వివరాలన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది తేరుకునే సమయానికి. టపాకాయ పేలిన తర్వాత ఐదు నిమిషాలకు వచ్చి అన్నం తినే కుక్కకూ, మరునాటి ఉదయం దాకా మూత్రానికి కూడా బయటకు రాని కుక్కకూ చాలా తేడా ఉంది. మొదటిది చిన్నపిల్లలు లేని ఏ నెమ్మదైన ఇంట్లోనైనా సర్దుకుంటుంది. రెండోదానికి కుక్కలతో అనుభవం ఉన్నవారు, వీలైతే రోజంతా ఇంట్లో ఒక మనిషి ఉండేవారు కావాలి. బెదిరినప్పుడు అది ఏం చేస్తుందన్నదీ అంతే ముఖ్యం: దాక్కుంటుందా, బిగుసుకుపోతుందా, గుర్రుమంటుందా, పళ్లు చూపించి గాలిలో కొరుకుతుందా, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా? కరిచి ఉంటే ఎవరిని, ఏ పరిస్థితిలో, పన్ను దిగిందా లేదా అన్నది తేదీతో సహా రాయాలి. దీనిని దాచి ఇస్తే రేపు ఆ ఇంట్లో పసివాడి మొహం మీద గాటు పడ్డప్పుడు బాధ్యత మీదే.

మంచి గుణాలను కూడా ఇంతే కచ్చితంగా రాయాలి. ‘ప్రేమగా ఉంటుంది’ అనేది ప్రతి ప్రకటనలోనూ ఉండే మాట. ఎవరి పక్కన పడుకుంటుంది, పొద్దున లేపడానికి ఏం చేస్తుంది, మాలిమి అయినవారికి పొట్ట చూపించి పడుకుంటుందా, చేతి కింద తల దూర్చి నిమరమంటుందా, ఒక మనిషికి చేరిక కావడానికి ఇంతకుముందు ఎన్ని రోజులు తీసుకుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబే తీసుకునేవారికి ధైర్యం ఇస్తుంది. ఫొటోలు నేల మీద కూర్చుని, దాని కంటి ఎత్తు నుంచి, అది తనకు ఇష్టమైన చోట ఉన్నప్పుడు తీయండి. నిలబడి పైనుంచి తీస్తే చెవులు వాల్చి, తెల్లగుడ్డు కనపడేలా చూసే ఫొటోలే వస్తాయి, వాటిని చూసి జాలిపడేవారు వస్తారు. జాలితో వచ్చినవారిలో చాలామంది నిలబడరని నా అభిప్రాయం. ఇంట్లోవారితో ఆడుతున్న నిమిషం వీడియో ఒకటి, కొత్తవారు వచ్చినప్పుడు అది ఉండే తీరు చూపే వీడియో ఒకటి, రెండూ పెట్టాలి.

ప్రకటన ఇలా ఉండవచ్చు: ‘పేరు సిరి. దేశీ జాతి ఆడకుక్క, వయసు 3 ఏళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఈ ఏడాది రేబీస్ టీకా వేయించాం. ఇంట్లో ఇద్దరికీ బాగా చేరిక. రాత్రి మంచం పక్కనే పడుకుంటుంది, పొద్దున చేతిని ముక్కుతో పొడిచి లేపుతుంది. కొత్తవారు వస్తే వేరే గదిలోకి వెళ్లిపోతుంది, మొరగదు, ఇంతవరకు కరవలేదు. కొత్త మనిషి చేతి నుంచి తినడానికి సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. టపాకాయలకు, డప్పులకు బాగా బెదిరి రెండు మూడు గంటలు దాక్కుంటుంది. చిన్నపిల్లలు లేని, తలుపులు మూసి ఉంచే అలవాటున్న నెమ్మదైన ఇల్లు కావాలి. కాపలాకు పనికిరాదు. ఇచ్చేముందు కనీసం మూడుసార్లు కలవాలి.’ ఇది చదివి వెనక్కి తగ్గేవారు తగ్గుతారు. ఫోన్ చేసేవారు తక్కువైనా వారితో మాట్లాడటంలో అర్థం ఉంటుంది.

ఎవరిని అడగాలి, ఎవరికి వద్దనాలి

ముందుగా అడగవలసింది కుక్కకు ఇప్పటికే తెలిసినవారిని. తరచూ వచ్చే పెద్దమ్మ, పై అంతస్తు దంపతులు, మీరు ఊరెళ్లినప్పుడు అన్నం పెట్టిన స్నేహితుడు ఇలాంటివారిలో ఒకరు ఒప్పుకుంటే సగం పని అయినట్లే. ఆ తర్వాత పశువైద్యుడి క్లినిక్ నోటీసు బోర్డు, కాలనీలోని కుక్కల పెంపకందార్ల వాట్సాప్ గ్రూపులు, జంతు సంక్షేమ సంస్థల పేజీలు. అందరికీ కనిపించేలా ‘ఉచితంగా ఇవ్వబడును’ అని పెట్టడం మాత్రం క్షేమం కాదు. జాతికుక్క అయితే, ముఖ్యంగా ఆపరేషన్ కాని లాబ్రడార్, షిట్జు, గోల్డెన్ రిట్రీవర్ అయితే, పిల్లల కోసం వాడుకుని అమ్ముకునేవారు ఇలాంటి ప్రకటనల కోసమే చూస్తుంటారు. ఇచ్చే ముందే ఆపరేషన్ చేయించడం దీనికి సరైన అడ్డుకట్ట.

మన ఊరికి ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది: ఫామ్‌హౌస్. ‘మొయినాబాద్‌లో ఎకరం ఉందండీ, హాయిగా తిరుగుతుంది’ అని వినగానే ఇచ్చేవారి మనసు తేలికపడుతుంది. అక్కడ ఉండేది సాధారణంగా కాపలా కుటుంబమే, యజమాని ఆదివారాలు వచ్చిపోతాడు. కావలసింది కాపలా కుక్క కాబట్టి దానిని పగలంతా కట్టేస్తారు, రాత్రి విడిచిపెడతారు. ఒళ్లో పడుకోవడం తెలిసిన, గొంతు పెంచితే వణికే కుక్కకు ఆ ఎకరం ఎందుకూ పనికిరాదు. ప్రహరీకి కన్నం దొరికిన రోజున శంకర్‌పల్లి దారిలోనో, షాద్‌నగర్ దారిలోనో లారీల మధ్య ఉంటుంది. యజమానే అక్కడ నివసిస్తూ, కుక్కను ఇంట్లో పడుకోనిచ్చేట్లయితే తప్ప ఒప్పుకోకపోవడమే మంచిది.

ఫోన్‌లో అడిగేటప్పుడు పరీక్ష పెడుతున్నట్లు కాక, మాటల్లో మాటగా ఇంటి దినచర్య చెప్పించుకోవాలి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలు ఎవరుంటారు, పదేళ్లలోపు పిల్లలున్నారా, వచ్చిపోయే బంధువులెంతమంది, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఊరెళ్లినప్పుడు ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విషయాలు చెబుతుంది. ఇంట్లో పెద్దవారి అభిప్రాయం వారి నోటి నుంచే వినాలి. అత్తగారు మడి ఆచారం పాటిస్తారని, వంటింట్లోకీ పూజగదిలోకీ కుక్క రాకూడదంటారని చెబితే అది అడ్డంకి ఏమీ కాదు, గదికి చిన్న గేటు పెట్టుకుంటే సరిపోతుంది. ఆమెకు చెప్పకుండా తెచ్చేద్దామని కొడుకు అనుకుంటే మాత్రం అది అడ్డంకే. ఇక ఆ ఇంట్లో నిదానస్తురాలైన మరో కుక్క ఉంటే దానిని వరంగా భావించండి. కొత్తవారిని చూసి అది నింపాదిగా ఉండటం గమనించి బెదురు కుక్క నేర్చుకున్నంతగా మన మాటల వల్ల నేర్చుకోదు.

ఇల్లు చూడకుండా ఇవ్వకూడదు. గేటు కడ్డీల మధ్య ఖాళీలో కుక్క తల పడుతుందా, బాల్కనీకి గ్రిల్ ఉందా, వీధి తలుపు తెరిస్తే నేరుగా రోడ్డా లేక మధ్యలో వరండా ఉందా అన్నవి చూడాలి. వీధి గుమ్మానికీ రోడ్డుకూ మధ్య రెండో తలుపు ఉన్న ఇల్లు ఇలాంటి కుక్కకు సగం రక్షణ. ఆ వీధిలో ఏడాది పొడవునా ఏం జరుగుతుందో ఇరుగుపొరుగును అడగండి: ఫంక్షన్ హాలు పక్కన ఉందా, గణేశ్ మండపం ఎక్కడ వేస్తారు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి వీధులలోలాగా బోనాల ఊరేగింపు గుమ్మం ముందు నుంచే సాగుతుందా? ట్యాంక్‌బండ్‌కు నిమజ్జనం దారిలో ఉన్న ఇల్లయినంత మాత్రాన కాదనవలసిన పని లేదు, రోడ్డు వైపు కాకుండా లోపలి గది ఒకటి ఉంటే చాలు.

పరిచయాలు

అందరూ తొందరపడేది ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నం నలుగురు మనుషులు బిస్కెట్ పొట్లంతో వచ్చి, సోఫాలో కూర్చుని ‘రా రా’ అని పిలుస్తారు, అది రాదు, ‘మమ్మల్ని ఇష్టపడలేదు’ అని వెళ్లిపోతారు. మొదటి కలయిక ఒక్క మనిషితో, బయట, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో, అది రోజూ నడిచే వీధిలో జరగాలి. కొండాపూర్‌లోని డాగ్ పార్కు వంటి చోటు దీనికి తగదు. కొత్త మనిషి చాలడం లేదని కొత్త కుక్కలను కూడా దాని మీదకు తెచ్చినట్లవుతుంది. మీరు కుక్కతో వీధికి ఒక వైపున నడుస్తుంటే, వచ్చినవారు రెండో వైపున అదే దిక్కుగా, దానిని చూడకుండా, మీతో మామూలుగా మాట్లాడుతూ నడవాలి. కుక్క నేలను వాసన చూస్తూ, తోక వదులుగా వేసుకుని నడుస్తున్నంతసేపు దూరాన్ని కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు. నోరు మూసి పెదవులు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, చెవులు వెనక్కి వాల్చడం, ఒక కాలు ఎత్తి ఆగిపోవడం కనిపిస్తే దూరం పెంచాలి. పట్టీ పట్టుకుని ముందుకు లాగడం అసలు కూడదు.

రెండోసారి ఇంట్లో. వచ్చినవారు ముందే వచ్చి నేల మీదనో, తక్కువ ఎత్తు పీట మీదనో పక్కకు తిరిగి కూర్చున్న తర్వాత కుక్కను లోపలికి తీసుకురండి. గుమ్మంలోంచి మనిషి లోపలికి రావడం కన్నా, ముందే కూర్చున్న మనిషిని చూడటం దానికి తేలిక. వారి చేతిలో ఉడికించిన చికెన్ ముక్కలు గానీ కోడి లివర్ ముక్కలు గానీ ఉండాలి, రుచి ముఖ్యం కాబట్టి బిస్కెట్లు చాలవు. అయితే చేయి చాచి పెట్టకూడదు. ముక్కను కుక్క వెనక్కి విసరాలి. ఇది మొదట విడ్డూరంగా తోస్తుంది కానీ దీని వెనుక లెక్క ఉంది. చేతి దగ్గర ముక్క చూపించి పిలిస్తే ఆకలి ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. అది మెడ చాచి ముక్క అందుకున్న మరుక్షణం తాను ఎంత దగ్గరికి వచ్చిందో గ్రహించి మరింత బెదురుతుంది. ముక్క వెనక్కి పడితే తిండితో పాటు దూరమూ దొరుకుతుంది, తిని తనంతట తానే మళ్లీ మనిషి వైపు తిరుగుతుంది. ప్రతిసారీ ఇంకాస్త దగ్గరికి వచ్చి ఆగుతుంది. దగ్గరికి రావాలా వద్దా అన్న నిర్ణయం దాని చేతిలోనే ఉండటం ఈ పద్ధతిలోని బలం.

అది వచ్చి మోకాలిని వాసన చూసినా వెంటనే ముట్టుకోకూడదు. వాసన చూడటం నిమరమని అడగడం కాదు. కొన్నిసార్లు వచ్చి పోయిన తర్వాత, పక్కకు ఆనుకుని నిలబడితే, తల మీద చేయి వేయకుండా మెడ పక్కనో ఛాతీ మీదనో మూడు క్షణాలు నిమిరి చేయి తీసేయాలి. అది ఇంకా దగ్గరికి జరిగితే మళ్లీ నిమరవచ్చు. ఒళ్లు దులుపుకుని పక్కకు వెళితే ఆ పూటకు అంతే. ఈ కలయికల్లో కుక్క ఎలా ఉందన్నదానికన్నా మనిషి ఎలా ఉన్నారన్నది మీకు ఎక్కువగా పనికొస్తుంది. గంటసేపు కూర్చుని, ఒక్కసారి కూడా ముట్టుకోకుండా, ‘పర్లేదండీ, వచ్చే శనివారం మళ్లీ వస్తాను’ అని లేచిన మనిషికి ధైర్యంగా ఇవ్వవచ్చు. ‘మా దగ్గరికి కుక్కలన్నీ వచ్చేస్తాయండీ’ అంటూ మంచం కింద చేయి పెట్టినవారికి ఇవ్వకండి.

మూడో కలయిక కొత్త ఇంట్లో, మీరు వెంట ఉండగా. పట్టీతోనే ఇల్లంతా వాసన చూడనిచ్చి, అక్కడ అది ఒక్క ముక్కైనా తిన్నాక తిరిగి తీసుకురండి. భయం ఎక్కువగా ఉన్న కుక్క తినదు. తిన్నదంటే తట్టుకోగలుగుతున్నదని అర్థం. అవసరమైతే ఇదే పద్ధతిలో నాలుగోసారి, ఐదోసారి కలవండి.

కాగితాలు, సమయం, ప్రయాణం

ఇవ్వవలసినవి: టీకాల పుస్తకం, ఆపరేషన్ కాగితం, జీహెచ్‌ఎంసీ లైసెన్సు, మైక్రోచిప్ ఉంటే 15 అంకెల నంబరుతో పాటు కొత్తవారి పేరు మార్పించిన ఆధారం, మీ నోటుపుస్తకం నకలు. తెల్ల కాగితం మీద ఒప్పందం రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి. అందులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: మూడో వ్యక్తికి ఇవ్వకూడదు, సరిపడకపోతే ఎప్పుడైనా మీకే తిరిగి ఇవ్వాలి, కరిచిన చరిత్ర ఉంటే అది చెప్పారని తీసుకునేవారు ఒప్పుకోవాలి.

సమయం విషయంలో పంచాంగం చూడండి, ముహూర్తం కోసం కాదు. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా, ఆ తర్వాత దీపావళి, డిసెంబరు 31 రాత్రి; వీటికి ముందు మూడు నాలుగు వారాలలో ఇల్లు మార్చకూడదు. కొత్త చోట ఎక్కడ దాక్కోవాలో తెలియని కుక్క మొదటి టపాకాయకే తలుపు వైపు పరుగెడుతుంది.

కారులో తీసుకెళ్లేటప్పుడు మెడ పట్టీ ఒక్కటి సరిపోదు, బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుంటే తల జారిపోతుంది. ఛాతీకి హార్నెస్ ఒకటి, తల జారకుండా బిగుసుకునే మెడ పట్టీ ఒకటి వేసి, రెండింటికీ విడివిడిగా తాళ్లు కట్టాలి. పట్టీకి కొత్తవారి ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ముందే తగిలించాలి. కారు తలుపు ఇంటి గేటు లోపలికి వెళ్లాకే తీయాలి. ప్రయాణానికి మందు కావాలనుకుంటే వైద్యుడిని అడగండి. ఏస్‌ప్రోమజిన్ వంటి మందు ఒక్కటే ఇస్తే ఒళ్లు మగతగా ఉంటుంది కానీ లోపలి భయం తగ్గదు, కాబట్టి భయాన్ని తగ్గించే మందు ఏదో ఆయనే నిర్ణయించాలి. తీసుకునేవారు వేరే ఊరివారైతే రైలులో ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుని వెంట తీసుకెళ్లవచ్చు. బెదురు కుక్కను సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా పంపవద్దు.

కొత్త ఇంట్లో మొదటి రోజులు

అది పడుకునే దుప్పటిని ఉతకకుండా పంపండి. ఇంతకుముందు తిన్నదే మరో వారం పది రోజులు పెట్టాలి. పెరుగన్నం, గుడ్డు తినే కుక్కకు వెళ్లిన రోజే ఖరీదైన ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలు పట్టుకుని, అసలే బెదిరిన ప్రాణి మరింత నలుగుతుంది. ఇల్లంతా ఒకేసారి వదలకుండా, జనం తక్కువగా తిరిగే ఒక గదిని దానికి కేటాయించి, టేబుల్ కిందనో మంచం పక్కనో దుప్పటి పరిచి నక్కే చోటు ఏర్పాటు చేయాలి. అక్కడికి వెళ్లినప్పుడు ఎవరూ లాగకూడదు, ఫొటో తీయకూడదు, బంధువులను పిలిచి చూపించకూడదు. మొదటి మూడు రోజులు సరిగా తినకపోవడం, రాత్రి మాత్రమే లేచి తిరగడం మామూలే. సుమారు మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి, మూడు నెలలకు ఇల్లు తనదనిపిస్తుంది అని కుక్కలను చూసేవారు ఒక అంచనా చెబుతారు. బెదురు కుక్కకు ఇంకా ఎక్కువ పట్టినా కంగారు పడనక్కరలేదు. ఒక రోజు దాటినా నీళ్లు కూడా ముట్టకపోతే మాత్రం వైద్యుడికి ఫోన్ చేయాలి.

గుర్రుమంటే తిట్టవద్దని ఇంట్లో అందరికీ, పనిమనిషితో సహా, చెప్పండి. గుర్రుమనడం దాని హెచ్చరిక. దానిని తిట్టి మాన్పిస్తే తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఒకవేళ పన్ను దిగితే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, కుక్కకు టీకా ఉన్నా సరే, నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో గానీ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో గానీ ఆ రోజే చూపించుకోవాలి.

పాత యజమాని వెంటనే చూడటానికి వెళ్లడం గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. మొదటి నెల వెళ్లకపోవడమే మంచిదని నేను అనుకుంటాను, మిమ్మల్ని చూసి పొంగిపోయి, మీరు వెళ్లాక గుమ్మం దగ్గరే కూర్చుండిపోయే రాత్రిని ఆ ఇంటివారు భరించాలి. వీడియోలు పంపమనండి చాలు. ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే వెళ్లాలి: అది తప్పించుకున్నప్పుడు. అలా జరిగితే ఎవరూ వెంటపడకూడదు, పేరు పెట్టి అరుస్తూ గుంపుగా తిరగకూడదు. తరుముతున్నారనుకుని అది మరింత దూరం పోతుంది. తప్పించుకున్న చోట దాని దుప్పటి, తిండి పెట్టి, ఆ వీధి కుక్కలకు రోజూ అన్నం పెట్టేవారెవరో కనుక్కుని ఫొటో ఇవ్వండి. కొత్త కుక్క కనిపిస్తే వాచ్‌మన్ల కన్నా ముందు గుర్తుపట్టేది వారే. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు గంటల మధ్య, ట్రాఫిక్ లేని వేళ, అది ఎక్కువగా నమ్మే మనిషి ఒక్కరే వెళ్లి, కనిపించగానే దగ్గరికి పోకుండా నేల మీద కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడుతూ ముక్కలు వేయాలి. భయంలో ఉన్న కుక్క తెలిసినవారిని కూడా కొన్నిసార్లు వెంటనే పోల్చుకోదు, అందుకు తొందరపడి పట్టుకోబోకండి.

తిరిగి పంపుతామని ఫోన్ వస్తే నిష్ఠూరాలాడకుండా తీసుకోండి, ఎందుకు కుదరలేదో వివరంగా అడిగి నోటుపుస్తకంలో రాయండి. ఏ గదిలో ఎక్కువగా ఉంది, ఎవరి దగ్గర తిన్నది, ఏ చప్పుడుకు కుప్పకూలింది అన్న సమాచారం మీ ఇంట్లో ఎన్ని నెలలు గమనించినా దొరికేది కాదు. రెండు మూడు వారాలు దానిని కుదుటపడనిచ్చి, ఆ వివరాలతో ప్రకటన మార్చి రాసి, మళ్లీ ఫోన్లకు జవాబివ్వడం మొదలుపెట్టండి.